నాన్న ఫోన్లో చరిత్ర

ఆండ్రాయిడ్ ఫోన్లో క్రోమ్ వాడేవాళ్ళు చూసే ఉంటారు. ఎన్ని ట్యాబులు తెరిచి ఉన్నాయో పైన ఒక చిన్న చదరంలో అంకె కనిపిస్తుంది. తొంభై తొమ్మిది దాటాక అంకె మానేసి, కోలన్ పక్కన పెద్ద డీ పెట్టి, పక్కకి వాలిన నవ్వుమొహం చూపిస్తుంది. ఎవరో ఇంజినీరు సరదాకి పెట్టి ఉంటాడు. 2025 మార్చిలో ఊరెళ్ళినప్పుడు మా నాన్న ఫోన్లో ఆ నవ్వుమొహం చూశాను. "ఫోను నత్తలా నడుస్తందిరా, ఏందో చూడు" అని ఆయనే నా చేతిలో పెట్టాడు.

మా ఊరు పర్చూరు దగ్గర. 2022 ఏప్రిల్ దాకా ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. జిల్లా ఏదైనా మిర్చి అమ్ముకోవడానికి మాత్రం గుంటూరే. నల్లరేగడి. పత్తి, మిరప, శనగ, కొంత పొగాకు. మాకు సొంతం రెండెకరాలు, నాన్న ఇంకో నాలుగెకరాలు కౌలుకి చేస్తాడు. ఆ ఏడు ధర పడిపోయింది. రెండేళ్ళ క్రితం క్వింటాలు ఇరవై వేలు దాటిన తేజ రకం, ఆ ఫిబ్రవరికి దాదాపు సగానికొచ్చింది. కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకి 11,781 రూపాయలని ప్రకటించింది. నాన్న ట్యాబుల్లో సగం ఇవే: గుంటూరు యార్డులో ఈరోజు ధర. రోజుకో ట్యాబు. పనయ్యాక హోమ్ బటన్ నొక్కి బయటికొస్తే ట్యాబు మూసుకుపోదని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఎవరూ అంటే, నేను చెప్పలేదు.

మిగతా సగంలో మీభూమిలో అడంగల్, పీఎం కిసాన్ డబ్బులు పడ్డాయా లేదా, ఎవరిదో రేషన్ కార్డు, ఇంటర్ హాల్ టికెట్. మా ఇంట్లో ఇంటర్ చదివేవాళ్ళు ఎవరూ లేరు. అది నాకు అప్పుడే తట్టాల్సింది.

నిజానికి నాన్న బ్రౌజర్ వాడే పద్ధతి చూసి నాకు ముచ్చటేసింది. పదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. టైపు చెయ్యడు, మైకు నొక్కి తెలుగులో అడుగుతాడు. ఏదైనా సర్కారు సైటు ఫోన్లో సగమే కనిపిస్తే మూడు చుక్కలు నొక్కి 'డెస్క్‌టాప్ సైట్' పెట్టుకోవాలని ఎవరి దగ్గరో నేర్చుకున్నాడు. అక్షరాలు పెద్దవి చేసుకున్నాడు. ఆఫీసులో పక్క టీమువాళ్ళు కట్టిన పేజీ మొబైల్లో విరిగిపోతే బగ్ రాసి పడేసి నేను కాఫీకి వెళ్తాను. ఈయన ఆ విరిగిన పేజీని రెండు వేళ్ళతో సాగదీసి, అటూ ఇటూ జరిపి, దాన్నుంచి పని రాబట్టుకుంటాడు.

ట్యాబులు మూశాను. క్యాష్ కూడా తుడుద్దామని మెనూలోకి వెళ్ళాను. నాన్న ఫోన్ తెలుగులో ఉంటుంది. అందులో హిస్టరీకి 'చరిత్ర' అని ఉంటుంది. ఈ మాటకి చాలాసార్లు నవ్వుకున్నాను. గ్యాస్ బుకింగ్ సైటు మూడుసార్లు తెరవడం చరిత్ర ఎలా అవుతుందని. తొంభై రోజుల చరిత్ర. ఆ తర్వాత పేజీ తనంతట తనే పాతవి వదిలేస్తుంది.

పైనుంచి కిందికి వేలు పోనిచ్చాను. అవసరం లేదు. క్యాష్ తుడవడానికి పాత పేజీల పేర్లు చదవాల్సిన పనేమీ లేదు. నా వృత్తే ఇది కాబట్టి ఆ సంగతి నాకు బాగా తెలుసు. అయినా చదివాను. ఫిబ్రవరిలో ఒక రాత్రి, పదకొండు దాటాక, వరసగా మూడు ప్రశ్నలున్నాయి. కౌలు రైతు ఆత్మహత్య చేసుకుంటే పరిహారం ఎంత. కౌలు కార్డు లేకపోతే ఇస్తారా. భార్యకి ఎన్ని రోజుల్లో వస్తుంది.

ఇది చదివినప్పుడు నాకేమైందో రాయడం కష్టం. ఫోన్ టేబుల్ మీద బోర్లా పెట్టేశాను, అంతే గుర్తుంది.

ఈ ప్రాంతంలో పుట్టినవాడికి ఆ ప్రశ్న ఊహకందనిదేం కాదు. 1997-98లో పత్తి పోయినప్పుడు వరంగల్‌తో పాటు గుంటూరు పేరు కూడా పేపర్లలో వచ్చింది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. పెద్దవాళ్ళు ఏదో చెప్పుకుంటూ మేం రాగానే ఆపేసేవాళ్ళు. 2004లో జీవో 421 వచ్చింది, చనిపోయిన రైతు కుటుంబానికి లక్షన్నర ప్యాకేజీ. ఆంధ్రప్రదేశ్‌లో 2019కి అది 7 లక్షలైంది. పక్క పక్క ఊళ్ళలో జనం ఈ అంకెల్ని మిర్చి రేటు చెప్పినట్టే చెబుతారు. 2021-22లో నల్ల తామర పురుగు మిరప పూతనంతా తినేసినప్పుడు నాన్న కూడా గట్టిగానే దెబ్బతిన్నాడు. ఆ అప్పు తీరిందని నాతో చెప్పాడు. చెప్పాడు కదా అని నేను మళ్ళీ అడగలేదు.

తర్వాత రెండు రోజులు నేను ఆయన్ని కాపలా కాశాను. వేరే మాట లేదు. ఎంత తింటున్నాడో చూశాను. రాత్రి లేచి వరండాలోకి వెళ్తే నేనూ లేచాను. పొలం వెళ్తుంటే "నేనూ వస్తా" అన్నాను. పదేళ్ళుగా అనని మాట. కల్లంలో ఎండుతున్న కాయల పక్కన ఇద్దరం కూర్చున్నాం. ఆయన తాలుకాయలు ఏరుతున్నాడు, నేను ఆయన మొహం చూస్తున్నాను. ఆయన తాలు ఏరడం కూడా నాకు ఏదో సూచనలా కనిపించింది. మనసు బాగోలేని మనిషి ఇలా ఏరతాడా? బాగున్న మనిషి ఇలా ఏరతాడా? ఒకసారి మనిషి మీద అనుమానం పడితే ఆయన చేసే ప్రతి పనీ సాక్ష్యమైపోతుంది.

ఎందుకు అడగలేదంటే, అడిగితే నేను చదివానని ఒప్పుకోవాలి. అంత సిగ్గుమాలిన కారణమే. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీలు వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తేల్చినప్పుడు నేను ఆఫీసులో అందరికీ తీర్పు సారాంశం పంపినవాణ్ణి. ఆధార్ గురించి, కుకీల గురించి, మనం ఏం కొంటామో మనకంటే ముందు కంపెనీలకి తెలియడం గురించి గంటలు గంటలు మాట్లాడినవాణ్ణి. అలాంటి నేను సొంత తండ్రి ఫోన్లో, ఆయన చూడకుండా, ఆయన రాత్రి పదకొండింటికి ఏం అడిగాడో చదివాను. ప్రేమతో చదివాను, భయంతో కాపలా కాశాను అని నాకు నేను చెప్పుకున్నాను. 'మీ అనుభవాన్ని మెరుగుపరచడానికే' అని కంపెనీలు చెప్పేదానికీ దీనికీ తేడా ఎక్కడుందో ఆ రెండు రాత్రులూ వెతుక్కున్నాను. ఒకటే కనిపించింది. కంపెనీ చదివాక దానికి నిద్ర పట్టకపోవడం ఉండదు. ఇది నాకు అనుకూలంగా పెద్ద వాదనేమీ కాదు.

మూడో రోజు పొద్దున టీ తాగుతుండగా అడిగేశాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "నాన్నా, అప్పు ఏమన్నా మిగిలిందా?" అన్నాను.

"ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే ఏందిరా. రెండ్రోజుల్నుంచి దొంగను చూసినట్టు చూస్తన్నావు నన్ను. ఏంది సంగతి?"

చెప్పాను. ఫోన్లో చూశానని, ఏం చూశానో కూడా. ఆయన కాసేపు గ్లాసు వంక చూశాడు. తర్వాత వీధి చివరి ఇంటి సంగతి చెప్పాడు. ఆ ఇంటాయన కౌలుకి మిరప వేశాడు, పోయిన శీతాకాలంలో చనిపోయాడు. భార్యకి చదువు రాదు. భూమి గలాయన సంతకం పెట్టకపోవడం వల్ల కౌలు కార్డు లేదు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు రావాలంటే యజమాని ఒప్పుకోవాలి. చాలామంది ఒప్పుకోరు. రేపు భూమి పోతుందేమోనని వాళ్ళ భయం. ఇక ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ అధికారి ఉండే కమిటీ ముందు ఆయన రైతేనని ఆమె రుజువు చేసుకోవాలి. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, అప్పు పత్రాలు. ఆ రాత్రి ఆమె, వాళ్ళ తమ్ముడు మా వరండాలో కూర్చుని ఉంటే, నాన్న మైకు నొక్కి ఒక్కో ప్రశ్నా అడిగాడు. ఆ గొంతు ఆయనదే. ప్రశ్నలు మాత్రం ఆమెవి.

నేను ఊపిరి పీల్చుకున్నాను. క్షమాపణ చెప్పడానికి మాటలు వెతుక్కుంటున్నాను. నా లెక్క ప్రకారం ఆయన కోప్పడాల్సింది నేను ఫోన్ చదివినందుకు. ఆయన దాని గురించి కాదు కోప్పడింది.

"చూసినోడివి అడగవంట్రా? రెండ్రోజులు కడుపులో పెట్టుకుని తిరిగావా? నిజంగా నాకే ఏమన్నా ఐతే?"

దీనికి నా దగ్గర సమాధానం లేదు, ఇప్పటికీ లేదు. గోప్యత గురించి నేను చదివిందంతా చూడటం తప్పా కాదా అన్న చోట ఆగిపోతుంది. చూసేశాక ఏం చెయ్యాలన్నది అందులో చాలా తక్కువ. ఆయన లెక్కలో కొడుకు తండ్రి ఫోన్ చూడటం పెద్ద నేరం కాదు. చూసి మౌనంగా ఉండటం నేరం. ఆ మౌనంలో నేను కాపాడుకున్నది ఆయన్ని కాదు, మంచివాణ్ణని నా గురించి నాకున్న అభిప్రాయాన్ని.

కానీ సంగతి అక్కడితో అయిపోలేదు. కాసేపయ్యాక ఆయనే, గొంతు తగ్గించి, "ఆయమ్మ సంగతులన్నీ చదివావా?" అన్నాడు. మొత్తం చదవలేదన్నాను. "ఎవురితోనూ అనమాక. మీ అమ్మక్కూడా చెప్పలేదు నేను. అప్పులెంతో, ఎవురి దగ్గరో, అన్నీ చెప్పుకుంది పాపం." ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో, నా మీద కోప్పడ్డప్పుడు లేని ఇబ్బంది కనిపించింది. తన సంగతి నాకు తెలియడం గురించి ఆయనకి ఏ పట్టింపూ లేదు. ఆమె సంగతి తన చేతిలోంచి జారిపోవడం గురించి ఉంది. (ఇక్కడ ఇది రాస్తూ నేను చేస్తున్నదేమిటి అని మీరు అడగొచ్చు. గుర్తుపట్టే వివరాలు మార్చాను, కాలం కూడా కొంచెం అటూ ఇటూ చేశాను, నాన్నకి చదివి వినిపించాను. ఇది చాలుతుందా అంటే గట్టిగా చెప్పలేను.)

పాతకాలం ఊళ్ళలో ఉత్తరాలు రాసిపెట్టేవాళ్ళు, చదివిపెట్టేవాళ్ళు ఉండేవాళ్ళు. పోస్టుమాన్, బడి పంతులు, కాస్త అక్షరమ్ముక్క వచ్చిన ఎవరో ఒకరు. కార్డు మీద రాసింది దారిలో ఎవరైనా చదవొచ్చు, అందరికీ తెలుసు కాబట్టి కార్డు మీద కార్డుకి తగినవే రాసేవాళ్ళు. ఇన్‌లాండ్ లెటర్ అంటించి ఉంటుంది. కానీ చదువు రానివాళ్ళకి ఇన్‌లాండ్ కూడా ఎవరో చించి చదివి వినిపించాల్సిందే. ఆ చదివినవాడి చెవిలోంచి వీధి వీధంతా వెళ్ళేది, అల్లుడి తాగుడు, అమ్మాయి కన్నీళ్ళు, బాకీ మాటలు. మంచి పంతులు అంటే చదివాక మర్చిపోయేవాడు. లేదా మర్చిపోయినట్టు ఉండేవాడు. మర్నాడు ఆ ఇంటి ముందు నుంచి వెళ్తూ ఏమీ తెలియనట్టు "కాఫీ అయిందా?" అనగలిగేవాడు.

నాన్న మా వీధికి ఆ పంతులు అన్నమాట. తేడా ఏంటంటే ఆయన చేతిలో ఉన్న పరికరానికి మర్చిపోయినట్టు ఉండటం రాదు.

ఇంకో రోజు దగ్గరుండి చూశాను. ఏదో ఫారంలో 'పేరు' అన్న గడి మీద వేలు పెట్టగానే కిందికి ఒక వరస జారింది. ఏడెనిమిది పేర్లు. వాళ్ళ ఫోన్ నంబర్లు, ఊళ్ళు, పిన్‌కోడు. ఆటోఫిల్ పాపం దాని పని అది చేసింది, ఎవరి పేరు కొట్టినా దాచిపెట్టింది. బ్రౌజర్ దృష్టిలో ఇవన్నీ ఒకే మనిషి పేర్లు. ఇంటర్ హాల్ టికెట్ కోసం చూస్తూ, పీఎం కిసాన్ డబ్బు కోసం ఎదురుచూస్తూ, ఏడెనిమిది పేర్లతో బతుకుతున్న ఒక విచిత్రమైన మనిషి. 'మీ చరిత్ర', 'మీ పాస్‌వర్డ్‌లు', 'మీ చిరునామాలు'. ఆ సెట్టింగుల్లో 'మీ' కాక వేరే మాట ఉండదు. ఒక ఫోనుకి ఒక మనిషి అని ఎక్కడో అనుకుని కట్టారు. 2016లో జియో వచ్చాక మా ఊళ్ళోకి ఇంటర్నెట్ వచ్చిన తీరు అది కాదు. ఇంటికో ఫోను, వీధికో ఫోను వాడటం తెలిసిన మనిషి, అలా వచ్చింది. నేను కూడా రోజూ పొద్దున ఆఫీసుకెళ్ళి 'యూజర్' అంటే ఒకడే అనుకుని కోడ్ రాస్తాను. నాన్న ఫోన్లో పరిహారం ప్రశ్నలు చదివి నేను పడ్డ పొరపాటు అదే. ఆ ప్రశ్నని అడిగినవాడు ఆయనే అయ్యుంటాడని, ఫోన్ ఆయనది కాబట్టి బాధ కూడా ఆయనదేనని. హిస్టరీ పేజీలో ఏం అడిగారో ఉంటుంది, ఎన్నింటికి అడిగారో ఉంటుంది. పక్కన ఎవరు కూర్చున్నారో ఉండదు.

సరే, దీనికి మందు ఉంది కదా అని నాన్నకి అజ్ఞాత ట్యాబు నేర్పించడం మొదలుపెట్టాను. ఆ టోపీ, కళ్ళజోడు బొమ్మ చూసి ఆయన నవ్వాడు. పాత సినిమాల్లో సీఐడీలా ఉన్నాడన్నాడు. "ఇది వాడితే మనమేదో దొంగపని చేస్తన్నట్టు ఉండదా?" అన్నాడు. 2005లో సఫారీ, 2008లో క్రోమ్ ఈ సదుపాయం తెచ్చిన కాలంలో దీనికి అందరూ చెప్పే ఉదాహరణ భార్యకి తెలియకుండా పుట్టినరోజు కానుక కొనడం. అసలు దేనికి వాడతారో అందరికీ తెలుసు. పక్కింటావిడ అప్పుల లెక్క దాచడానికి అని మాత్రం ఎవరూ అనుకుని ఉండరు.

'అజ్ఞాత' అన్న మాట పెట్టినవాళ్ళు విరాటపర్వం తలుచుకునే పెట్టారో లేదో. తిక్కన భారతం మొదలుపెట్టిందే ఆ పర్వంతో కాబట్టి మనకి ఆ మాట వినగానే బృహన్నల, కంకుభట్టు గుర్తొస్తారు. కానీ ఇక్కడ వ్యవహారం తిరగబడి ఉంటుంది. పాండవులు విరటుడి ఇంట్లో అందరికీ కనిపిస్తూ, బయట వెతికే దుర్యోధనుడి వేగులకి దొరక్కుండా ఉన్నారు. అజ్ఞాత ట్యాబులో ఇంట్లోవాళ్ళకే మీరు కనిపించరు. వెళ్ళిన సైటుకి, నెట్ ఇచ్చే కంపెనీకి కనిపిస్తూనే ఉంటారు. ఆ ట్యాబు తెరవగానే వచ్చే పేజీలోనే ఈ సంగతి రాసి ఉంటుంది. దాని మీదే 2020లో అమెరికాలో గూగుల్ మీద కేసు వేశారు. అజ్ఞాతంలో ఉన్నప్పుడు కూడా మా సమాచారం తీసుకున్నారని. 2024 ఏప్రిల్‌లో రాజీ కుదిరి, కోట్ల కొద్దీ రికార్డులు చెరిపేస్తామని కంపెనీ ఒప్పుకుంది. ఇక డౌన్‌లోడ్ చేసిన పీడీఎఫ్‌లు అజ్ఞాతంలో చేసినా ఫోన్లోనే ఉండిపోతాయి, జమ్మిచెట్టు మీద ఆయుధాల్లాగా. నాన్న డౌన్‌లోడ్స్‌లో ఎవరెవరి ఆధార్ కార్డులు ఉన్నాయో నేను ఈసారి లెక్కపెట్టలేదు.

హైదరాబాదులో నా స్నేహితులకి ఈ కేసు సంగతి చెబితే వెంటనే కోపం వస్తుంది. నాన్నకి రాలేదు. "ఎక్కడో అమెరికావాడికి ఆయమ్మ అప్పు తెలిస్తే ఏంది? ఇక్కడ వీధిలో తెలీకూడదు గానీ" అన్నాడు. ఇది అమాయకత్వం అనిపించింది మొదట. అప్పు యాప్‌లు జనం ఫోన్లలోంచి ఏమేం లాగాయో తెలిసినవాణ్ణి కాబట్టి వాదించాను కూడా. కానీ ఆయన చెప్పింది తీసిపారేసేది కాదు. ఆ ఇంటావిడ రేపు పొద్దున నీళ్ళకి వెళ్ళాల్సింది ఈ వీధిలో. ఆమె పరువు ఉన్నది ఇక్కడ. అజ్ఞాత ట్యాబు అంటే మా ఆఫీసులో అందరికీ లోకువ, పనికిరాని తెర అని. ఆమెకి మాత్రం ఆ పల్చటి తెరే కావాలి.

ఒక్క సంగతి మాత్రం నన్ను వదలట్లేదు. ఆ ఫిబ్రవరి రాత్రి నాన్న అజ్ఞాత ట్యాబు వాడి ఉంటే నేను ఏమీ చూసేవాణ్ణి కాదు, ఆమె సంగతి ఆమెకే ఉండేది, అంతా మర్యాదగా జరిగేది. కానీ ఆ ప్రశ్నలు నిజంగా ఆయనవే అయ్యుంటే? అప్పుడూ నేను ఏమీ చూసేవాణ్ణి కాదు. ఊరెళ్ళి, మిర్చి రేటు గురించి రెండు మాటలు మాట్లాడి, ఫోన్ బాగుచేసి, ఆదివారం రాత్రి బస్సెక్కేసేవాణ్ణి. చెరిపేయడం నేర్పించిన కొడుకుని నేనే. దీన్ని ఎటు తిప్పినా లెక్క తేలట్లేదు. ఆయన్ని అడిగితే సులువుగా తేల్చేశాడు. "ఫోన్లో చూసి తెలుసుకుంటావా నా సంగతి? వారానికోసారి కూడా సరిగ్గా మాట్లాడవు గదా."

వచ్చేముందు రోజు రాత్రి ఇద్దరం కూర్చుని చరిత్ర తుడిచాం. ఆయనకి ఏది ఉండాలో ఏది పోవాలో అడిగి మరీ. మిర్చి ధరల పేజీ ఒకటి హోమ్ స్క్రీన్ మీదకి తెచ్చిపెట్టాను. వేరేవాళ్ళ పనైతే అజ్ఞాతం, మన పనైతే మామూలు ట్యాబు అని చెప్పాను. తల ఊపాడు. చివర్లో ఆటోఫిల్‌లో ఉన్న పేర్లు తీసేయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అవి ఉంచు. మళ్ళీ వానాకాలం ఈ-క్రాపు అప్పుడు అందరివీ కొట్టుకోవాలి. నాకు స్పెల్లింగులు రావు."

"వేరేవాళ్ళకి కనపడతాయి నాన్నా."

"కనపడితే ఏమైంది, పేర్లేగా" అన్నాడు. మళ్ళీ కాసేపు ఆలోచించి, వరసలో నాలుగో పేరు మీద వేలు పెట్టి, "ఇది మాత్రం తీసెయ్యి" అన్నాడు. వీధి చివరి ఇంటాయన పేరు. తీసేశాను.